కర్మాగార ప్రమాదములు: నివారణోపాయములు, కార్మికుని భాష

‘ప్రమాదము’ అను మాటకు సంస్కృతమున మూలార్థము ఏమరుపాటు. జాగ్రత్త వహింపవలసినచోట వహింపకుండుట, చేయవలసినదానిని మరచుట అని దాని భావము. తెలుగున ఆ మాట అర్థము మారి, ఆపదకును, ఆకస్మికముగా వచ్చిపడు కీడునకును పేరైనది. నేడు ‘ప్రమాదము జరిగినది’ అన్నచో వినువారికి ఏమరుపాటు స్ఫురింపదు, పిడుగుపాటువంటిదేదో స్ఫురించును. కర్మాగారములలో జరుగు దుర్ఘటనలను పరిశీలించినచో, పాత అర్థమే సత్యమునకు దగ్గరగా నున్నట్లు తోచును. అయితే ఆ ఏమరుపాటు ఎవరిది? యంత్రమున చేయి నలిగిన కార్మికునిదా? ఆ యంత్రమునకు కవచము బిగింపనివారిదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరికిన పిమ్మటనే నివారణోపాయము దొరకును.

తెలుగునాడునకు వెలుపల స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తెలంగాణ జిల్లాలనుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు సోలాపూరునందును, భివండియందును మగ్గములు నడుపుచున్నవి. బొంబాయి నగర నిర్మాణమున చెమటోడ్చిన తెలుగువారి జ్ఞాపకము కామాఠీపుర మను పేరున నిలిచియున్నది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడువరకు వాని లోతులలో తమిళులతోపాటు తెలుగువారును పనిచేసిరి. రాజపాళయమున తరతరములుగా నివసించుచున్న తెలుగు రాజులలో పి. ఎ. సి. రామసామి రాజా 1936లో నూలు మిల్లును స్థాపించిరి. అనగా పరభాషా ప్రాంతములలో తెలుగువారు కార్మికులుగనే కాక యజమానులుగను ఉన్నారు. కావున కర్మాగార భద్రత రెండువిధముల వారి విషయమే.

ఆపద ఈ రెండు తెగల భేదమును పాటింపదు. 2025 మే 18వ తేదీ తెల్లవారుజామున సోలాపూరులో అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామిక వాడయందలి ఒక తువ్వాళ్ళ కర్మాగారమున నిప్పంటుకొని 8 మంది మరణించిరి. మృతులలో ఆ ఆవరణలోనే నివసించుచున్న యజమానియు, ఆయన కుటుంబమువారును, పనివారును ఉండిరి. నూలు, గుడ్డ నిలువయున్నచోట మంటకంటె ముందు పొగ వ్యాపించును. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగును, వాసనయు లేని విషవాయువు, నిద్రించువారిని మేల్కొననీయదు. సరకు నిలువచేయు చోటును, మనుష్యులు నిద్రించు చోటును ఒకే కప్పు క్రింద ఉండరాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. చిన్న పరిశ్రమలున్న పట్టణములలో ఇట్టి కట్టడములు నేటికిని అనేకములు కలవు.

కారణముల గొలుసు

అమెరికా దేశమున భీమా సంస్థలో పనిచేసిన హైన్‌రిక్ అను నాతడు 1931లో పారిశ్రామిక ప్రమాద నివారణమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఒక తీవ్రమైన గాయమునకు వెనుక 29 స్వల్ప గాయములును, గాయమే లేకుండ తప్పిపోయిన 300 సంఘటనలును ఉండునని ఆతని లెక్క. ఈ సంఖ్యలు అన్ని పరిశ్రమలకును సరిపోవని పిమ్మటివారు ఆక్షేపించిరి. ప్రమాదములలో అత్యధిక భాగమునకు కార్మికుని అజాగ్రత్తయే కారణమని ఆతడు చెప్పిన మాటకును విమర్శలు వచ్చినవి. అయినను ఆతడు చూపిన ఒక్క సంగతి నిలిచినది: పెద్ద ఆపద రాకముందు చిన్న సూచనలు వచ్చుచుండును.

మరమగ్గమునుండి నాడె ఎగిరిపడి గోడకు తగిలినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. పనివాడు నాడెను తీసి మరల పెట్టి మగ్గము నడిపించును. సాయంకాలమునకు ఆ సంగతి మరపునకు వచ్చును. ఆ నాడెయే మరునాడు ప్రక్కమగ్గము వాని కంటికి తగిలినచో దానిని ప్రమాద మందురు. నిజమునకు ప్రమాదము మొదటి దినముననే జరిగినది. గాయము మాత్రము రెండవనాడు కలిగినది. మొదటినాడు ఎవరైన ఒక పుస్తకమున ఆ సంగతి వ్రాసి, నాడె ఎందుకు ఎగిరినదో చూచి, దాని కడ్డముగా ఉండవలసిన ఇనుప కమ్మిని బిగించినయెడల రెండవనాటి గాయము తప్పియుండును. తప్పిపోయిన ఆపదను వ్రాసియుంచుట భద్రతకు తొలిమెట్టు. అట్లు వ్రాసినవానిని మందలించు చోట ఎవడును వ్రాయడు. అచ్చట సూచనలన్నియు మౌనముగా గడచిపోవును.

ఆంగ్ల మనశ్శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ఈ భావమును మరికొంత విస్తరించెను. కర్మాగారమున ఆపదకును మనుష్యునికిని నడుమ పెక్కు తెరలుండును. యంత్రపు కట్టడి ఒక తెర, నియమము ఒక తెర, పర్యవేక్షణము ఒక తెర, హెచ్చరిక ఒక తెర. ప్రతి తెరకును ఎచ్చటనో ఒక చిల్లి ఉండక తప్పదు. ఒకదాని చిల్లిని వేరొకటి కప్పుచుండును. చిల్లులన్నియు ఒకే వరుసలోనికి వచ్చిననాడు ఆపద వానిగుండ మనుష్యుని చేరును.

భోపాల్ నేర్పిన పాఠము

1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాల్ నగరమున జరిగిన ఘోరము ఈ తెరల మాటకు పెద్ద ఉదాహరణము. పురుగుమందుల కర్మాగారమున మిథైల్ ఐసోసయనేటు అను ద్రవము నిలువయున్న ట్యాంకులోనికి నీరు ప్రవేశించెను. ఆ నీరు ఎట్లు చేరినదను విషయమున వాదోపవాదములు కలవు. కాని నీరు చేరిన పిమ్మట ఏమి జరిగినదో స్పష్టము. ద్రవము వేడెక్కి, పొంగి, సుమారు 40 టన్నుల విషవాయువు నిద్రించుచున్న నగరముపై వ్యాపించెను. తక్షణ మృతుల సంఖ్య అధికారిక గణన ప్రకారము 2,259. పిమ్మట మరణించినవారిని, జీవితాంతము రోగులైనవారిని చేర్చినచో ఆ లెక్క పెక్కు రెట్లగును.

ఆ ట్యాంకునకు రక్షణలు లేకపోలేదు. ద్రవమును చల్లగా నుంచుటకు శీతల యంత్రము కలదు. అది కొన్ని నెలల ముందే నిలిపివేయబడెను. వెడలు వాయువును క్షారజలముతో కడిగి నిర్వీర్యము చేయు గోపురము కలదు. అది ఆ సమయమున పనిచేయు స్థితిలో లేదు. మిగిలిన వాయువును మండించు గొట్టము కలదు. దానిని కలుపు పైపు మరమ్మతునకై తీయబడియుండెను. ఖర్చు తగ్గించుటకై ఆ విభాగమున పనివారి సంఖ్యయు సగమునకు తగ్గింపబడెను. నగరవాసులను హెచ్చరింపవలసిన సైరను కొలదిసేపు మ్రోగి ఆగిపోయెను. తడిగుడ్డతో ముఖము కప్పుకొనవలెనని చెప్పినయెడల ఎందరో బ్రతికియుందురు, చెప్పువారు లేకపోయిరి. వీనిలో ఏ ఒక్కటియు ఒక్క రాత్రిలో చెడినది కాదు. రాజ్‌కుమార్ కేస్వానీ అను పాత్రికేయుడు 1982లోనే ఆ కర్మాగారమువలన నగరమునకు ముప్పున్నదని పత్రికలలో వ్రాసియుండెను.

భాషాభిమానులు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. ఆ కర్మాగారపు సూచనా గ్రంథములు ఆంగ్లమున నుండెననియు, పనివారిలో పెక్కురకు ఆంగ్లజ్ఞానము కొలదియే యనియు ఆ దుర్ఘటనను పరిశీలించినవారు వ్రాసియున్నారు. చదువనేరని నియమము లేని నియమముతో సమానము. తెరలలో అది కంటికి కనబడని చిల్లి.

ముప్పదియైదేండ్ల పిమ్మట తెలుగునేలపై ఇట్టి పాఠమే మరల చెప్పబడెను. 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్టణ సమీపమున ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఒక పాలిమర్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెడలి 12 మంది మరణించిరి. కోవిడ్ నిర్బంధమువలన కర్మాగారము వారముల తరబడి మూతపడియుండెను. స్టైరీన్ తనంత తాను గట్టిపడు స్వభావము గల ద్రవము. గట్టిపడునపుడు వేడిని పుట్టించును. ఆ వేడి గట్టిపడుటను త్వరితము చేయును. దాని నాపుటకు చల్లదనమును, నిరోధకమను మందును కావలెను. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణమానిని యుండుటచే పైభాగపు వేడి తెలియరాలేదని ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చెను. ప్రజలను లేపవలసిన సైరను మ్రోగింపబడలేదు. ఆగిన కర్మాగారము నిద్రించుచున్న కర్మాగారము కాదనియు, నిలువయున్న సరకునకు సెలవుదినములు లేవనియు దీనివలన తెలియును.

నివారణమునకు ఐదు మెట్లు

ప్రమాద నివారణమును గూర్చిన శాస్త్రము ఉపాయములను ఐదు మెట్లుగా విభజించును. పైమెట్టు బలమైనది; క్రిందికి వచ్చుకొలది ఉపాయము బలహీనమగును.

మొదటిది, అపాయకరమైన వస్తువును అసలు లేకుండ చేయుట. రెండవది, దాని స్థానమున తక్కువ అపాయకరమైనదానిని వాడుట. మూడవది, యంత్రమునకే రక్షణ నేర్పరచుట: తిరుగు పట్టాలకును, పండ్ల చక్రములకును కవచము బిగించుట, కవచము తీసినచో యంత్రము తనంత తాను ఆగునట్లు చేయుట, దూదిధూళిని పీల్చు గొట్టముల నమర్చుట. నూలు మిల్లులలో దూది బేళ్ళతోపాటు వచ్చిన ఇనుపముక్క యంత్రపు కొట్టుడుకమ్మికి తగిలి నిప్పురవ్వ పుట్టకుండ అయస్కాంతముల నుంచుట ఈ మెట్టునకు చెందినదే. నాల్గవది, పని పద్ధతిని దిద్దుట: శిక్షణ, హెచ్చరిక పలకలు, వ్రాతపూర్వకమైన అనుమతి. ఐదవది, మనుష్యుని శరీరమునకు తొడుగు: టోపి, కళ్ళజోడు, చేతితొడుగు, ముఖకవచము.

శివకాశి ప్రాంతపు బాణసంచా పరిశ్రమలో ఒక్కొక్క గదిలో నలుగురికి మించి పనిచేయరాదను నియమము కలదు. గదికిని గదికిని నడుమ ఎడముండవలెను. మందు కలుపుటకు రాపిడివలన నిప్పు పుట్టించు ఇనుప పనిముట్లు వాడరాదు. ఈ నియమముల ఉద్దేశము ప్రేలుడును ఆపుట మాత్రమే కాదు. ప్రేలుడు వచ్చినను అది నలుగురి గదిని దాటకుండ చూచుట. పండుగ గిరాకికై అదే గదిలో పదిమందిని కూర్చుండబెట్టినవాడు తెరను చేజేతుల చించినవాడగును. 2012 సెప్టెంబరు 5న శివకాశి సమీపమున ముదలిపట్టిలో సుమారు 40 మంది మరణించిరి. వారిలో మొదటి ప్రేలుడు విని చూడవచ్చినవారును, సాయపడవచ్చినవారును ఉండిరి. సాయపడువానికిని శిక్షణ కావలెను. విషవాయువు నిండిన గుంటలోనికి పడిపోయిన తోటివానికై దిగి, ఒకరి వెనుక ఒకరు ప్రాణములు కోల్పోవుట పలుతావులలో జరుగుచున్నది. ధైర్యమున్నచోట తెలివిడి లేకపోవుటయే దీనికి కారణము.

పెక్కు చిన్న పరిశ్రమలలో ఈ మెట్లు తలక్రిందులుగా నుండును. యజమాని ఐదవ మెట్టుతో ఆరంభించి, కార్మికునికి ఒక ముఖకవచ మిచ్చి, భద్రత నేర్పరచితినని తృప్తి చెందును. యంత్రము కవచము లేకయే తిరుగుచుండును. వేసవిలో, ఉక్కలో, పండ్రెండు గంటల పనిలో కార్మికుడు ముఖకవచము తీసివేయును. అంతట ప్రమాదమునకు ఆతడే కారకుడని నిర్ణయింపబడును. అలసిన మనుష్యుడు పొరబడుట సహజమని ముందే తెలిసియుండియు, ఆ పొరపాటునకు చోటుంచని ఏర్పాటు చేయకుండుటయే అసలు ఏమరుపాటు.

చట్టమును, చిన్న పరిశ్రమయు

భారతదేశమున మొదటి కర్మాగార చట్టము 1881లో వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1948లో వచ్చిన కర్మాగారముల చట్టము యంత్రములకు కంచె, అగ్నినుండి తప్పించుకొను మార్గములు, విషవాయువులున్న గదులలో ప్రవేశ నియమములు మున్నగువానిని విధించెను. భోపాల్ ఘోరము పిమ్మట 1987లో దానిని సవరించి, అపాయకర పరిశ్రమలలో కార్మికులును సభ్యులుగా నుండు భద్రతా సంఘములను, ఆసన్నాపదను గూర్చి తెలుపు కార్మికుని హక్కును చేర్చిరి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి ఆ చట్టము స్థానమును పొందినది.

ఇందొక భేదమును చిన్న పరిశ్రమలవారు గ్రహింపవలెను. పూర్వచట్టమున విద్యుచ్ఛక్తితో నడుచుచోట 10 మంది పనివారున్నచో అది కర్మాగారమనబడెను. కొత్త స్మృతిలో ఆ సంఖ్య 20. విద్యుచ్ఛక్తి లేనిచోట 20 అనునది 40 అయినది. పండ్రెండు పదునైదు మంది పనిచేయు మగ్గముల శాల కర్మాగార నిర్వచనమునకు వెలుపల పడవచ్చును. చట్టము చూపు తగ్గినచోట యజమాని చూపు హెచ్చవలెను. విద్యుచ్ఛక్తికి, నిప్పునకు ఈ నిర్వచనములతో పనిలేదు.

ఏ భాషలో హెచ్చరిక?

నోటీసులు ఆంగ్లమునందును, కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషయందును ఉండవలెనని 1948 నాటి చట్టము 108వ విభాగమున శాసించెను. న్యాయమైన నియమమే. కాని ‘అధికసంఖ్యాకులు’ అను మాటకు వెలుపల మిగిలినవారి గతి యేమి? మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియాయో చదువనేరక కొత్తగా వచ్చిన తెలుగు కార్మికునికి గోడమీది అక్షరము చిత్రమువలె నుండును.

తెలుగు పలక నుంచినచో చాలునా? చాలదు. పరభాషా ప్రాంతములలో తరతరములుగా నున్న తెలుగువారిలో పెక్కురు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో ప్రాంతీయభాషను చదివిరి. రాజపాళయమున తెలుగు మాటలాడు ఒక కార్మికుడు తమిళ లిపినే చదువగలడు. సోలాపూరున బడి ముఖ మెరుగని నేతగత్తెకు ఏ లిపియు రాదు. మరియు గ్రాంథికమున ‘విద్యుత్ప్రవాహమును నిరోధించిన పిమ్మట యంత్రమును స్పృశింపవలెను’ అని వ్రాసినచో చదువు వచ్చినవానికిని తటపటాయింపు కలుగును. ‘స్విచ్చి తీయి, ఆగినదాకా ముట్టకు’ అన్నచో పసివానికిని తెలియును. ఇట్టి వ్యాసమునకు తగిన భాష వేరు, యంత్రము చెంత తగిన భాష వేరు.

ఆంగ్లపదములును మోసగించును. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అను మాటకు సులభముగా మండునది అని అర్థము. దానిలోని మొదటి అక్షరములను ‘కాదు’ అను అర్థమున గ్రహించి, మండనిదని భ్రమపడినవారు ఆంగ్లేయులలోనే ఉండిరి. అందువలననే పీపాలపై ‘ఫ్లేమబుల్’ అను మాటను వ్రాయు వాడుక వచ్చినది. రంగుల శాలలో రెండు పీపాలుండును. ఒకదానిలో చలువచేయు హైపోక్లోరైటు ద్రవము, రెండవదానిలో ఆమ్లము. వేరువేరుగా నున్నంతకాలము అవి పనికివచ్చు సరకులు. కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చును. ఆ పీపాల నడుమనున్నది ఒక్క చీటీ. ఆ చీటీ చదువరానిదైనచో రక్షణ లేనట్లే.

కావున హెచ్చరిక నాలుగు విధముల చేరవలెను: కంటికి బొమ్మగా, తెలిసిన లిపిలో అక్షరముగా, చెవికి వాడుకమాటగా, చేతికి అభ్యాసముగా. చెప్పిన మేస్త్రీ ‘తెలిసినదా?’ అని యడిగిన లాభము లేదు. తెలియనివాడును తల యూపును. ‘నీవు చెప్పి చూపుము’ అని యడుగవలెను. బడిలో పాఠము వచ్చినదో లేదో తెలిసికొను పద్ధతియే యంత్రశాలలోను సరియైన పద్ధతి.

ఈ న్యాయము తెలుగువారికి అనుకూలమైనచోట మాత్రమే వర్తించునది కాదు. 2025 జూన్ 30న తెలంగాణలో పాశమైలారమునందలి ఒక ఔషధ సంబంధ కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో 40 మందికి పైగా మరణించిరి. వారిలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశములనుండి వలసవచ్చిన కార్మికులు పెక్కురు. సోలాపూరున తెలుగు కార్మికుడెట్టివాడో తెలుగునేలపై ఒడియా కార్మికుడట్టివాడు. పరభాష నడుమ బ్రదుకుటలోని కష్టము నెరిగినవారు ఈ సంగతిని ఇతరులకంటె త్వరగా గ్రహింపగలరు.

సంఘములు చేయదగిన పని

ప్రతి సంవత్సరము మార్చి 4వ తేదీన జాతీయ భద్రతా దినము జరుపబడుచున్నది. 1966లో జాతీయ భద్రతా మండలి స్థాపింపబడిన దినమది. తెలుగు సంఘములు ఉగాదికి కవి సమ్మేళనములు జరుపుచున్నవి. ఆ పండుగకు ముందు వచ్చు ఈ దినమున మరియొక సభ జరుపుట కష్టము కాదు. ఆ సభలో మగ్గముల యజమానియు, పనివాడును ఒకే వరుసలో కూర్చుండి, గత సంవత్సరము తప్పిపోయిన ఆపదలను చెప్పుకొనవచ్చును. తెలుగు పాఠశాలల పై తరగతుల విద్యార్థులు తండ్రులు పనిచేయు చోట్ల కనబడు హెచ్చరిక పలకలను వ్రాసికొనివచ్చి, వానిని ఇంటి మాటలలోనికి మార్చి, పెద్దలకు చదివి వినిపింపవచ్చును. భాషాబోధనకును అది మంచి అభ్యాసము. ఆ రాత్రి ఇంట జరుగు సంభాషణమునకును ప్రయోజన ముండును.

యజమానులు నాలుగు పనులు వెంటనే చేయవచ్చును. పనిచేయుచుండగా తలుపులకు బయట తాళము వేయరాదు. దూదిధూళిని దినదినము తుడిపింపవలెను. మరమ్మతు చేయునపుడు మెయిను స్విచ్చికి తాళము వేసి, ఆ తాళపుచెవిని మరమ్మతు చేయువాని జేబులోనే ఉంచవలెను. సరకు గిడ్డంగిలో ఎవరిని నిద్రింపనీయరాదు. వీనికగు వ్యయము స్వల్పము.

తెలుగు పలుకు పరాయి నేలపై నిలుచునా అని సంఘములు తరచు చింతించుచుండును. పాటగా, పద్యముగా నిలుచుట సంతోషకరమే. తిరుగుచున్న యంత్రము ముందు నిలిచిన కార్మికునికి ‘ఆగు’ అను మాట తన భాషలో, సకాలమున వినబడునట్లు చేసినచో ఆ భాష వాని చేతిని కాపాడును, సాయంకాలమునకు వానిని ఇల్లు చేర్చును. ఇంటికి చేరినవాడే బిడ్డకు మాట నేర్పగలడు.